కమాన్ చెప్పే ఖబర్

మా ఇంట్లో దాన్ని ఎవరూ విల్లు అనరు. కమాన్ అనే అంటాం. బాణం తీర్, గురి నిషానా, విల్లు పట్టిన మనిషి తీరందాజ్. అల్లెతాడును ఉర్దూలో చిల్లా అంటారు. మన ఇళ్ళల్లో చిల్లా అంటే బాలింతకు నలభై రోజులు కదా. అందుకే ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మాయి పడీ పడీ నవ్వింది.

స్కూల్లో ఉర్దూ, డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణి. పాత విల్లుకు నా దగ్గర రెండు భాషల్లోనూ మాటలున్నాయి. మా అమ్మాయి పట్టుకునే కాంపౌండ్ విల్లుకు మాత్రం రెండూ చాలవు. రెండు కొసల్లో క్యామ్‌లనే చక్రాలు, తాడు పక్కనే కేబుళ్ళు. మొదట గట్టిగా లాగాలి. పూర్తిగా లాగాక క్యామ్ తిరిగి బరువు సగం కన్నా ఎక్కువే తగ్గిపోతుంది. అప్పుడు నింపాదిగా నిషానా చూసుకోవచ్చు. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో దీని పేటెంట్‌కు దరఖాస్తు పెడితే 1969లో వచ్చింది. మా విజయవాడ పిల్లలకు ఆ పేరు తెలియదు. వాళ్ళకు తెలిసింది జ్యోతి సురేఖ. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె ఇదే రకం విల్లుతో మూడు బంగారు పతకాలు తెచ్చాక మా మొహల్లాలో కూడా ఆడపిల్లలు కమాన్ కావాలన్నారు.

మాది సెకండ్ హ్యాండ్ విల్లు. చిట్టీ పాడిన డబ్బుతో కొన్నాం. రెండు నెలలు బాగానే గడిచింది. తర్వాత మా అమ్మాయి స్కోరు పడిపోవడం మొదలైంది. బాణం వదిలే ముందే కళ్ళు మూసుకుంటోందని కోచ్ సార్ కనిపెట్టారు. ఆ రాత్రి వాళ్ళ అమ్మీ దగ్గర పడుకుని చెప్పిందట: “వదిలిన ప్రతిసారీ ధన్ అంటది అమ్మీ. మోచేతి దాకా ఝుమ్మంటది. అబ్బాకు చెప్పకు. మళ్ళీ ఖర్చంటారు.”

పొద్దున్నే నానీ ఫైసలా ఇచ్చేశారు. “చాల్లే బేటా. పిల్ల చెయ్యి పాడైతే రేపు ఎవరు జవాబు చెబుతారు? అమ్మేయండి దాన్ని.” జిల్లా సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి. బిడ్డ దస్తర్‌ఖాన్ దగ్గర తల వంచుకుని కూర్చుంది, ఒక్క ముక్క మాట్లాడలేదు.

సామాన్లు అమ్మే ఆయనకు ఫోన్ చేశాను. తాడుకు కట్టే రబ్బరు మీసాలు, లింబులకు అంటించే రబ్బరు ముద్దలు, కొత్త స్టెబిలైజర్ అంటూ పెద్ద లిస్టు చదివాడు. ఇరవై ఏళ్ళుగా రిపోర్టర్‌ని. లిస్టు కన్నా ముందు సోర్స్ అడగడం అలవాటు. ఈ ఆవాజ్ అసలు ఎక్కణ్ణుంచి వస్తోంది?

హిసాబ్ సీదా సాదాగానే ఉంది. విల్లు లాగినప్పుడు మన చేతి తాకత్ అంతా వంగిన లింబుల్లోకి చేరుతుంది. వదిలితే అందులో ఎక్కువ భాగం బాణం తీసుకుపోతుంది. అది తీసుకుపోనిది ఎటూ పోదు. లింబుల్లో, తాడులో, కేబుళ్ళలో, చివరికి పట్టుకున్న చేతిలో వణుకై మిగులుతుంది. ఆ వణుకే చెవికి చేరితే శబ్దం. కాబట్టి షోర్ అంటే బాణానికి అందకుండా మిగిలిన తాకత్ ఇచ్చే ఖబర్. ఖబర్ నోరు నొక్కితే సంగతి మారదు కదా.

బజార్లో దొరికే సైలెన్సర్లు చాలావరకు అమెరికా వేటగాళ్ళ కోసం పుట్టినవి. తాడు చప్పుడుకు జింక ఉలిక్కిపడి వంగితే బాణం పైనుంచి పోతుంది. వాళ్ళకు ఖామోషీ కావాలి. మన పిల్లలు కొట్టేది 50 మీటర్ల దూరంలో ఉన్న 80 సెంటీమీటర్ల కాగితాన్ని. ఆ కాగితానికి చెవుల్లేవు. మనకు కావాల్సింది చేతికి తకలీఫ్ తగ్గడం.

కోచ్ సార్ ఒక్కటే షరతు పెట్టారు. ఒకసారికి ఒకటే మార్చాలి, ఆరు బాణాలు వేసి చూడాలి, తర్వాతే ఇంకొకటి.

మొదటిరోజు పైసా ఖర్చు లేదు. బాణం లేకుండా, తాడు లాగకుండా, విల్లు నడుమ పిడికిలితో మెల్లగా తట్టి విన్నాం. గలగలమంది. సైట్ స్క్రూ ఒకటి, స్టెబిలైజర్ మూలంలో ఒకటి వదులు. బిగిస్తే సగం గలగల పోయింది. తర్వాత క్యామ్‌లు. పైదీ కిందదీ ఒకేసారి ఆగాలి, నమాజులో సఫ్ కలిసినట్టు. మా విల్లులో పైది కొంచెం వెనకబడి ఉంది. దాన్ని సార్ బో ప్రెస్‌లో పెట్టి సరిచేశారు. ఆ పని ఇంట్లో ఎవరూ చేయకూడదు. తర్వాత స్ట్రింగ్ స్టాప్, అంటే దూసుకొచ్చే తాడును ఆపే రబ్బరు ముక్క. అది తాడుకు చాలా దూరంగా జరిగిపోయి ఉంది. కంపెనీ పుస్తకం ప్రకారం ఏటీఎం కార్డు మందం ఖాళీ ఉంచాం.

అసలు తేడా తెచ్చింది బాణం. మా విల్లు 40 పౌండ్లది. పౌండుకు 5 గ్రెయిన్ల కన్నా తేలిక బాణం వాడొద్దని సాధారణ నియమం. అంటే 200 గ్రెయిన్లు, దాదాపు 13 గ్రాములు. పాత ఓనరు వేగం కోసం 15 గ్రాముల బాణాలు వాడేవాడట, విల్లుతోపాటు అవే ఇచ్చాడు. నియమానికి లోబడే ఉన్నా అంచుకు దగ్గర. సార్ తన దగ్గరున్న 20 గ్రాములవి, విల్లుకు తగ్గ బిరుసున్నవి, ఇచ్చి వేయించారు. ధన్ పోయి థప్ వచ్చింది! బరువు బాణం విల్లు నుంచి ఎక్కువ తాకత్ తీసుకుని వెళ్తుంది, చేతికి తక్కువ మిగులుస్తుంది. వేగం తగ్గుతుంది కాబట్టి సైట్ కిందికి దించుకున్నాం. డబ్బంతా ఆ బాణాలకే పోయింది. రబ్బరు మీసాలు కొనలేదు. అవి తాడుకు బరువై బాణం వేగాన్నే కొంత తింటాయి.

చివరిది పట్టు. భయంతో మా అమ్మాయి విల్లును బిగించి పట్టుకునేది. బిగిస్తే విల్లు మెలితిరుగుతుంది, వణుకంతా ఎముకల్లోకి దిగుతుంది. ఇప్పుడు మణికట్టుకు పట్టీ ఉంది, విల్లు జారిపోదు. అరచెయ్యి వదులుగా ఉంచితే చాలు. ఈ వదులు చెయ్యి నేర్చుకోవడానికే మూడు వారాల సబర్ పట్టింది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆట ఆడుతుంటే రెండు మాటలు. బాణం లేకుండా తాడు లాగి వదలొద్దు. తీసుకుపోవడానికి బాణం లేకపోతే తాకత్ అంతా విల్లు మీదే పడి లింబు పగలొచ్చు, పిల్లలకు గాయమవ్వొచ్చు. నిన్నటిదాకా లేని శబ్దం ఇవాళ వస్తే ఆట ఆపండి. లింబుల మీద దూదితో మెల్లగా తుడవండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ బీట ఉండొచ్చు. కోచ్ చూసేదాకా ముట్టుకోవద్దు.

నెప్పి సంగతి డాక్టరుకూ చూపించాం. కొన్నాళ్ళు బాణాల లెక్క తగ్గించమన్నారు, తగ్గించాం. కళ్ళు మూసుకోవడం పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెట్టారని పిల్లలంతా ఖుషీగా ఉన్నారు. మాకు అంత దూరం ఆలోచన లేదు, ముందు జిల్లా దాటాలి.

మొన్న గ్రౌండ్‌లో విల్లు తట్టి చూసి తనే పిలిచింది: “అబ్బా, సైట్ దగ్గర ఏదో మాట్లాడుతోంది. ఇంకా, ఇవాళ భుజం కూడా కొంచెం లాగుతోంది. పన్నెండు బాణాలే వేస్తా.” నానీ ఆ మాట విని అల్‌హమ్దులిల్లాహ్ అన్నారు. అమ్మేయమని మళ్ళీ అనలేదు.