నాలుగు చేతులకు ఒకటే గడియారం

పేకాట అంటే మన ఆడవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. "మీ మామ ఫోన్ల పత్తాలాడుతడట గదా" అని మా పక్క క్వార్టర్ అక్క ఒకరోజు గొంతు తగ్గించి అడిగింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో 2017లోనే నిషేధించారు కదా, ఆమె భయం ఆమెది. "పైసలుండయక్కా, ఇది బ్రిడ్జ్" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు కానీ నమ్మింది.

బ్రిడ్జ్ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. నలుగురు, రెండు జట్లు, ఒక్కొక్కరికి 13 ముక్కలు. ఎన్ని పట్లు పడతామో, ఏది తురుపో ముందే పాట పాడుకుని, ఆ మాట నిలబెట్టుకోవాలి. పాట గెలిచినవాళ్ళ జోడీదారు తన ముక్కలన్నీ పరిచేసి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆ పరిచిన చేతిని డమ్మీ అంటారు. పంచిన ఒక్కో ఆటను బోర్డు అంటారు.

మా మామయ్య సింగరేణిలో పనిచేసే రోజుల్లో షిఫ్టు అయ్యాక క్లబ్బులో నేర్చుకున్నారు. రిటైరయ్యాక ఆ నలుగురూ తలో దిక్కయ్యారు. ఒకరు గోదావరిఖని, ఒకరు కొత్తగూడెం, ఒకరు హైదరాబాద్. 2020 లాక్‌డౌన్‌లో మా అబ్బాయి ట్యాబ్‌లో బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ పెట్టిచ్చాడు. అప్పటినుంచి రాత్రి ఎనిమిదైతే చాలు, మామయ్య కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చుంటారు. జొన్నరొట్టెలు చల్లబడి అట్టముక్కలైనా లేవరు. మొదట్లో నా బాధ అదొక్కటే.

నిరుడు గోదావరిఖని పెద్దాయన ఫోన్ చేశారు. ఆయనే మామయ్యకు జోడీ. మామయ్య స్నానానికి వెళ్ళారని నేనెత్తాను. "బిడ్డా, నీకే చెప్తున్న, ఆయనకు చెప్పకు. టోర్నమెంట్ల గడియారముంటది. మా బోర్డు ఒడువదు, టైం ఒడుస్తది. ఇగ నేను వేరే జోడీని చూసుకోవాల్నేమో" అన్నారు.

ఈ గడియారం సంగతి నాకు కొత్త. చదరంగంలో ఎవరి గడియారం వాళ్ళది. మన కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది ఆట మొత్తానికి 15 నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల చొప్పున కలిపి ఇచ్చే లెక్కలోనే. ఆలస్యం చేస్తే నష్టం చేసినవాళ్ళదే. బ్రిడ్జ్ అలా కాదు. ఆ టోర్నమెంట్లలో బోర్డుకు ఏడెనిమిది నిమిషాలు, అది నలుగురికీ కలిపి. ఒకే నల్లా దగ్గర నాలుగు ఇళ్ళవాళ్ళు బిందెలు పెట్టినట్టన్నమాట. ఒకరు రెండు బిందెలు ఎక్కువ పట్టుకుంటే చివరివాళ్ళకు గాలే వస్తుంది. టైం అయిపోతే బోర్డు మధ్యలోనే పోతుంది. సగటు మార్కో, డైరెక్టర్ సవరించిన మార్కో వేస్తారు.

ఇంకోటి, ఆ గడియారానికి మనిషి నిదానమో నెట్ నిదానమో తెలియదు. 2020 ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్లో మన నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ కనెక్షన్ పోయి టైం మీద ఓడారు. చివరికి భారత్, రష్యా రెండింటినీ విజేతలుగా ప్రకటించారు. మా కరెంటుకు అలా తీర్పు చెప్పేవాళ్ళెవరు!

రెండు రాత్రులు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మామయ్య పక్కనే కూర్చున్నాను. ఆయన మొదటినుంచీ నిదానం కాదు. డమ్మీ పరిచిన వెంటనే ముక్క టకాటకా వేసేస్తారు. ఆరో పట్టు దగ్గరో ఏడో పట్టు దగ్గరో ఆగిపోతారు. మూడు నిమిషాలు. పెదవులు కదులుతుంటాయి. ఇస్పేట్లు ఎన్ని పోయాయి, ఆఠీన్లు ఎన్ని మిగిలాయి అని మొదటినుంచి మళ్ళీ లెక్క.

"లెక్క తప్పుతున్నది బిడ్డా" అన్నారు, ట్యాబ్ మీదినుంచి కళ్ళు తీయకుండానే. "ఇదివరకు చూడకుంటనే తెలిసేది."

ఆ మాట విన్నాక రొట్టెల గొడవ నా నోటికి రాలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఈ నలుగురి ఆట కూడా పోతే రోజంతా టీవీ ముందు కూర్చుంటారు, అంతే.

గడియారం వద్దనడానికీ లేదు. ఈ ఆటలో ఆగడం కూడా మాట్లాడినట్టే. ఆడేవాడు తటపటాయిస్తే చేతిలో ఏదో చిక్కు ఉందని జోడీదారుకు తెలిసిపోతుంది. అలా తెలిసినదాన్ని జోడీదారు వాడుకోకూడదని నియమం. అంటే నిదానంగా ఆడినా పర్వాలేదు, ఒకే వేగంతో ఆడాలి. ఇది మామయ్య చెప్పిందే.

నేను గోదావరిఖనికి ఫోన్ చేశాను. "మామయ్యను తొందరపెట్టకండి, అందరికీ ఒకే నియమం పెట్టండి" అన్నాను. టోర్నమెంట్లు బంద్, మీ నలుగురి టేబులే. ఎనిమిదింటికి మొదలు, తొమ్మిదీ పదికి ఆఖరు. ఎన్ని బోర్డులైతే అన్ని, సగంలో ఉన్నది లెక్కలోకి రాదు. డమ్మీ పరిచాక ఆడేవాళ్ళెవరైనా ఒక నిమిషం ఆలోచించాకే మొదటి ముక్క. మిగిలిన పట్లన్నీ మనవేనని తేలిపోతే ఊరికే సాగదీయకుండా క్లెయిమ్ చేసేయాలి. పెద్దాయన కాసేపు ఊరుకుని, "నీకు ఆట వచ్చునా బిడ్డా?" అన్నారు. రాదన్నాను. పొయ్యి మీద నాలుగు పనులు ఒకేసారి సర్దుకోవడం వచ్చు.

ఆ మొదటి నిమిషం బాగా పనిచేసింది. ఏ రంగు ముందు ఆడాలో అప్పుడే అనుకుంటున్నారు కాబట్టి మధ్యలో ఆగడం తగ్గింది. పోలేదు, తగ్గింది. హైదరాబాద్ ఆయనకు మాత్రం ఈ పద్ధతి నచ్చలేదు, గడియారం ఉన్న పోటీలకే వెళ్ళిపోయారు. నేనేమీ తప్పుపట్టను, ఎవరి సాయంత్రం వాళ్ళది. ఆయన జాగాలో కంప్యూటర్ ఆడుతోంది. "దానికి ఓపికెక్కువ, దగ్గదు, తుమ్మదు" అంటారు మామయ్య. అత్తమ్మ అయితే "మీకు గట్లాంటి జోడీనే ఉండాలె" అంటుంది.

వయసుదేముంది అంటారా, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌ను మొదటిసారి పెట్టినప్పుడు మనకు స్వర్ణం తెచ్చిన జోడీలో ప్రణబ్ బర్ధన్‌కు అరవై, శిబ్‌నాథ్ సర్కార్‌కు యాభై ఆరు. మామయ్య ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్తారు.

నిన్న ఆరో బోర్డు మధ్యలోనే తొమ్మిదీ పదైంది. కళావరు రాణి ఎవరి చేతిలో ఉందో తేలనేలేదు. ట్యాబ్ మూసి వచ్చి వేడి రొట్టె తిన్నారు కానీ ధ్యాసంతా దాని మీదే. పడుకోబోయే ముందు అత్తమ్మతో, "గది కొత్తగూడెపాయన దగ్గరనే ఉన్నది" అన్నారట. పొద్దున ఫోన్ చేసి అడిగారు. ఆయన దగ్గరే ఉందట.