ఆకురాయి గీతలు

రివాల్వర్‌ని నా చేతికిచ్చే ముందు పక్కింటి పెద్దాయన మూడు పనులు చేశాడు. బొటనవేలితో లాచ్ తోసి సిలిండర్‌ని పక్కకి తెరిచాడు. ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని తను చూసుకుని నాకూ చూపించాడు. సిలిండర్ తెరిచి ఉండగానే పిడి నా వైపు తిప్పి అందించాడు. నేను చూసి వెనక్కిచ్చాక, అర నిమిషం కిందట తనే ఖాళీ అని చూపించినదాన్ని మళ్లీ వెలుతురుకెత్తి ఆరు గదుల్లోంచీ చూశాడు. ఆ సాయంత్రం ఆయన గరాజ్‌లో పద్దెనిమిదో ఇరవయ్యో రివాల్వర్లు ఐదుగురి మధ్య చేతులు మారాయి. ఒక్కసారి కూడా ఎవరూ ఆ పద్ధతి తప్పలేదు.

నేనుండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. నాకు తుపాకులంటే భయం. 2023 మే 6న ఇక్కడికి దగ్గర్లోని అలెన్‌లో, షాపింగ్ మాల్‌లో ఒకడు రైఫిల్‌తో కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. ఆ వారమంతా ఇక్కడి తెలుగు ఇళ్లలో వేరే మాట లేదు. ఆ భయం నాకింకా పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు. అందుకే, "మా మిత్రులంతా రివాల్వర్లు తెస్తారు, మర్నాడు రేంజ్‌కి వెళ్తాం, నువ్వూ రా" అని పెద్దాయన పిలిచిన రెండుసార్లూ ఏదో పని చెప్పి తప్పించుకున్నాను. మూడోసారి ఆయన వేరేలా అడిగాడు. "కాల్చనక్కర్లేదు. మీ నాన్న ఫిట్టర్ అని చెప్పావు కదా. లోపలి పని చూపిస్తాను, రా."

ఆ మాటకి వెళ్లాను.

మా నాన్న సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతులకి గ్రీజు, గోళ్ల సందుల్లో నీలం. రెండు ఇనప ముక్కల్ని సందు లేకుండా కూర్చాలంటే ఒకదానికి ఆ నీలం పూసి రెండోదానికి ఆనించాలి. రంగు ఎక్కడ అంటిందో అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. అంతమేరే ఆకురాయి పట్టి, మళ్లీ నీలం పూసి, మళ్లీ ఆనించి చూడాలి. "తీసేసిన ఇనుము తిరిగి రాదురా, అందుకే నిదానం" అనేవారు నాన్న. పెద్దాయన కూడా మెషినిస్టుగా జీవితమంతా పనిచేసినవాడే. ఆయనా అదే నీలం సంగతి ఎత్తాడు. పాత తుపాకీ ఫ్యాక్టరీల్లో దీపం మసి పూసి కూడా ఇదే పని చేసేవారని చెప్పాడు.

రివాల్వర్‌కి ఈ కూర్పు ఎందుకంత ప్రాణమో ఆయన బల్ల మీద చూపించాడు. గదులు ఆరు, గొట్టం ఒక్కటే. ట్రిగర్ లాగినప్పుడల్లా సిలిండర్ ఆరో వంతు తిరిగి, కొత్త గది సరిగ్గా గొట్టం ఎదుట ఆగి, గుండు వెళ్లేవరకూ కదలకుండా ఉండాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా గుండు గొట్టం అంచుని గీరుకుంటూ పోతుంది. సీసం తునకలు పక్కకి చిమ్ముతాయి. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య కాస్త సందు ఉండక తప్పదు, లేకపోతే తిరగదు. ఎక్కువైతే మంట బయటికొస్తుంది. ఆయన ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే ఆ సందులో దూర్చి చూసి, "ఆరు థౌ" అన్నాడు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. మా ఇంట్లో అన్నం తింటూ నాన్న నోట విన్న మాట అది. టెక్సస్‌లో మరొకరి నోట వింటాననుకోలేదు.

బల్ల మీద గుడ్డ పరిచి వరుసగా పెట్టినవాటిలో సగం పైగా స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవే. స్మిత్ సిలిండర్ గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది, కోల్ట్ కంపెనీవాటి సిలిండర్ ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. స్మిత్ లాచ్ ముందుకి తోయాలి, కోల్ట్‌ది వెనక్కి లాగాలి. ఈ సంగతుల మీద వాళ్లు గంటలు మాట్లాడతారు. వచ్చినవాళ్లలో ఒక రిటైర్డ్ పోలీసాయన తెచ్చింది మోడల్ 10. 1899లో మిలిటరీ అండ్ పోలీస్ అనే పేరుతో మొదలై, 1957లో ఈ నంబరు వచ్చిన రకం. దశాబ్దాల పాటు అమెరికా పోలీసుల నడుము మీద ఉన్నది ఎక్కువగా ఇదే. ఒరలోకి వెళ్లి వచ్చీ వచ్చీ గొట్టం కొసన నీలిరంగు పోయి తెల్లటి ఉక్కు కనిపిస్తోంది. కొత్తది కొనగలిగి కూడా ఈ అరిగినదే ఎందుకని అడిగితే, ఆ అరిగిన చోట వేలితో రాసి, "ఇరవై ఆరేళ్లు నాతో ఉన్నది ఇదే" అన్నాడు.

కోల్ట్ పైథాన్‌ని చూడగానే నాకు మాట రాలేదు. 1955లో వచ్చిన రకం. దాని నీలం రంగు కాదు, లోతు. ఉక్కుని నీళ్లలా మెరిసేదాకా పాలిష్ పట్టి అప్పుడు నీలం ఎక్కిస్తారు. అంచులు మాత్రం గుండ్రం కాకూడదు, పాలిష్ చక్రం దగ్గర నిలబడ్డ మనిషి పనితనమంతా అక్కడే తెలుస్తుంది. లోపలి భాగాలు ఒక్కొక్కటీ చేత్తో కూర్చినవి. ఆ కూర్పు తెలిసిన చేతులు తగ్గి, ఖర్చు పెరిగి ఈ శతాబ్దం మొదట్లో తయారీ ఆగిపోయింది. 2020లో మళ్లీ వచ్చిన పైథాన్ కంప్యూటర్ మిషన్ల మీద చేసింది. అది మంచిదే, బహుశా ఎక్కువ గట్టిది కూడా అని పెద్దాయనే ఒప్పుకున్నాడు. నాకు మాత్రం పాతదాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు.

సినిమాల్లో హీరో మణికట్టు విదిలించి సిలిండర్‌ని టక్కున మూస్తాడు. ఆ బల్ల దగ్గర అలా చేసినవాణ్ని రెండోసారి పిలవరు. సిలిండర్‌ని మోసే సన్నటి చెయ్యి ఒకటుంటుంది, ఆ దెబ్బకి అది వంగుతుంది. కనిపించనంత వంగినా గదులు గొట్టానికి ఎదురుగా నిలవవు. ఎడమ అరచేత్తో సిలిండర్‌ని నెమ్మదిగా నెట్టి మూయాలి, పొత్తిళ్లలో బిడ్డని సర్దినట్టు.

మర్నాడు పొద్దున్నే రేంజ్‌కి బయల్దేరాం. ఉత్తరంగా గంట ప్రయాణం, రెడ్ రివర్ వైపు. మూడు వైపులా మట్టికట్ట పోసిన పచ్చిక మైదానం, రేకుల కప్పు కింద వరసగా బల్లలు, బల్లల వెనక నేల మీద పసుపు గీత. చెవులకి మఫ్‌లు, కళ్లకి అద్దాలు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వరు. "రేంజ్ కోల్డ్" అని అరిచారంటే అందరూ తుపాకులు ఖాళీ చేసి, తెరిచి, బల్ల మీద పెట్టి పసుపు గీత వెనక్కి వచ్చేయాలి. కాగితాలు మార్చడానికి ఒక్క మనిషి ముందుకి వెళ్లినా చాలు, అతను తిరిగొచ్చేదాకా తుపాకీని ముట్టుకోవడం కాదు కదా, కళ్లద్దాల కోసం బల్ల మీద చెయ్యి పెట్టడం కూడా కూడదు.

మన పిల్లలకి ఇక్కడొక మాట చెప్పాలి. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి వాటి మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కావచ్చు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. వారాంతం సరదాకి మిత్రుడితో రేంజ్‌కి వెళ్లి ఫోటో దిగడం చిన్న విషయం కాదు. నాకు సిటిజన్‌షిప్ ఉందా అని పెద్దాయన ముందే అడిగి తెలుసుకున్నాడు.

రేంజ్‌లో మాతో కలిసిన మరో మనిషి మన కుర్రాడే. ఒంగోలు వైపు వాడు. "అన్నా, మీరు తెలుగా!" అని దగ్గరికొచ్చి, పెట్టె తెరిచి ఒక వెబ్లీ రివాల్వర్ చూపించాడు. వెబ్లీ మార్క్ 4, .38. "మా తాత ఎస్సైగా చేశారన్నా. ఆయన నడుముకి ఉండేది ఇదే రకమట. నేను పుట్టకముందే పోయారు. ఫోటోలో ఒర మాత్రమే కనిపిస్తది. ఇక్కడ గన్ షోలో ఇది కనబడంగానే ఇంక బేరం కూడా ఆడలేదు." బ్రిటిష్ కాలంలో మన పోలీసులకి వచ్చి, స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం కొనసాగిన రకం అది. ఆ తాతకి అది ఉద్యోగం ఇచ్చింది, ఉద్యోగంతోపాటు వెనక్కి ఇచ్చేసింది. మనదేశంలో సొంతానికి కావాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకి మించి ఉండకూడదు. మనవడు మాత్రం దాన్ని సముద్రాలవతల మళ్లీ వెతికి పట్టుకున్నాడు.

ఎడమ పక్కనున్న మీట బొటనవేలితో నొక్కితే వెబ్లీ నడుము దగ్గర విరిగినట్టు అడకత్తెరలా తెరుచుకుంటుంది. గొట్టం కిందికి వాలుతుంటే సిలిండర్ మధ్య నుంచి నక్షత్రంలాంటి రేకు పైకి లేచి ఖాళీ తొడుగులు ఆరింటినీ ఒక్కసారే బయటికి తోసేస్తుంది. మామూలు .38 స్పెషల్ తూటా పొడుగు ఎక్కువ, దీనికి పనికిరాదు. పొట్టి తూటాలు వెతికి తెచ్చుకోవాలి. ఆ కుర్రాడు ఆరు కాల్చి, తెరిచి, తొడుగులు దోసిట్లో పట్టుకుని, ఒక్కటి కింద పడనివ్వకుండా డబ్బాలో వేసుకున్నాడు.

ఆ రోజు ఎక్కువసేపు పట్టింది వాకర్ అనే పాతకాలపు కోల్ట్ రివాల్వర్ దగ్గర. శామ్యూల్ కోల్ట్ 1836లో రివాల్వర్‌కి పేటెంట్ తీసుకుని ఫ్యాక్టరీ పెడితే అది 1842లో మూతపడింది. మళ్లీ అతన్ని నిలబెట్టింది టెక్సస్ రేంజర్‌గా పనిచేసిన కెప్టెన్ శామ్యూల్ వాకర్ తెచ్చిన వెయ్యి రివాల్వర్ల ఆర్డర్. చేతిలో ఫ్యాక్టరీ లేక కోల్ట్ వాటిని కనెక్టికట్‌లో విట్నీల కార్ఖానాలో చేయించి 1847లో ఇచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో వాకర్ మెక్సికో యుద్ధంలో చనిపోయాడు. అప్పటి అసలు వాకర్ ఒకటి వేలంలో పది లక్షల డాలర్లు దాటి పలికింది కూడా. పెద్దాయనది ఇటలీలో చేసిన నకలు. బరువు మాత్రం అసలుదానిలాగే రెండు కిలోలు.

దీనికి తూటాలుండవు. రాగి సీసా మూతితో నల్ల తుపాకీమందు కొలిచి ఒక్కో గదిలో పోసి, పైన సీసపు గోళీ పెట్టి, గొట్టం కిందున్న మీటతో దిగ్గొడతారు. గోళీ గది కన్నా పిసరంత పెద్దది. దిగేటప్పుడు దాని చుట్టూ సన్నటి సీసపు ఉంగరం ఒకటి తెగి పైకి వస్తుంది. ఆ ఉంగరం నిండుగా, ఎక్కడా తెగకుండా వచ్చిందంటే గది బిగుసుకున్నట్టు. ఆపైన గ్రీజు పూస్తారు, ఒక గది నిప్పు పక్క గదికి పాకకుండా. ఆఖర్న వెనక చనుమొనల్లాంటి వాటికి రాగి టోపీలు తొడుగుతారు. పెద్దాయన ఉంగరాల్ని ఒక్కొక్కటే తీసి వరసగా బల్ల మీద పేర్చాడు. ఐదు నిండుగా ఉన్నాయి, ఆరోది ఒక పక్క సన్నబడింది. ఆ గదిలోకి మిగతావాటికన్నా ఎక్కువ గ్రీజు కూరాడు. పేల్చినప్పుడు చప్పుడు కన్నా ముందు తెల్లటి పొగ మీదపడింది, దీపావళి మర్నాటి వీధి వాసన. ఆ అదురుకి కింది మీట ఊడి వేలాడుతుంది, అప్పట్లోనూ అంతేనట. అందుకే ఆయన తోలు తాడుతో దాన్ని గొట్టానికి కట్టాడు.

చివరికి నేనూ కాల్చాను. మోడల్ 10తో, ఏడు గజాల దూరంలో కాగితం మీద. పోలీసాయన నా పక్కన నిలబడ్డాడు. మొదటి ఆరూ ఎడమ పక్క కిందికి పోయాయి. ఆయనేమీ అనలేదు. రివాల్వర్ తీసుకుని, నాకు వీపు తిప్పి తూటాలు నింపి, మూసి ఇచ్చాడు. ఈసారి వాటిలో కొన్ని కాల్చేసిన ఖాళీ తొడుగులు, ఏది ఎక్కడుందో నాకు తెలియదు. రెండోసారి లాగినప్పుడు టిక్కుమంది. పేలలేదు. పేలని ఆ క్షణంలో గొట్టం కొస రెండంగుళాలు కిందికి దిగడం నేను నా కళ్లతో చూశాను. చప్పుడు రాబోతోందని నా చెయ్యి ముందే భయపడి కిందికి లాగుతోంది. ఆ సంగతి ఎన్ని మాటలతో చెప్పినా నేను నమ్మేవాణ్ని కాదు. నాలుగు సిలిండర్లు అలా అయ్యాక, ఖాళీ తొడుగు మీద హామర్ పడినా కొస కదలకుండా నిలబడింది. చదునైన ముక్కున్న గుండ్లు కాగితం మీద పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి బెజ్జాలు చేశాయి. నాలుగు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

సీసం చేతులకి అంటుతుంది, కడుక్కోకుండా ఏదీ తినకూడదు. అదీ చన్నీళ్లతో సబ్బు పెట్టి. కొళాయి దగ్గర వరసలో నిలబడి కడుక్కున్నాకే శాండ్‌విచ్‌లు బయటికి తీశారు.

సాయంత్రం గరాజ్‌లో పెద్దాయన మాటిచ్చిన పని మొదలెట్టాడు. 1952లో ఫ్యాక్టరీ నుంచి ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్లిన స్మిత్ అది. ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిందో చెప్పే ఉత్తరం స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి తెప్పించుకుని ఫ్రేము కట్టించాడు. పక్క పలకకి నాలుగు మరలు. అట్టముక్క మీద రివాల్వర్ బొమ్మ గీసి, మర ఉన్న చోటల్లా బెజ్జం చేసి పెట్టాడు. తీసిన మరని తీసినట్టే దాని బెజ్జంలో గుచ్చాడు. పలక అంచు ఎక్కడుందా అని గోరుతో తడిమాను, దొరకలేదు. స్క్రూడ్రైవర్ కొసతో లేపబోతే ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. పిడి చెక్కలు తీసేసిన ఫ్రేము మీద స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా కొట్టాడు. టక్, టక్, టక్. ఆ అదురుకి పలక దానంతటదే పైకి తేలింది.

లోపల, ఎవరూ చూడని చోట, పలక ఆనే అంచు మీద సన్నటి గీతలు. అన్నీ ఒకే వాలులో, చివర ఒకచోట మాత్రం అడ్డంగా రెండు. ఆకురాయి గీతలు. పలక వెనకా, ఫ్రేము లోపలా ఒకే అంకె గుద్ది ఉంది, ఈ పలక ఈ ఫ్రేముకే అని. ఆ రెండు అడ్డగీతల మీద వేలు పెట్టాను. చివర్లో ఎక్కడో ఇంకా రంగు అంటుతోందని, ఆ మనిషి ఆకురాయి తిప్పి పట్టి రెండే రెండు సార్లు గీసి ఉంటాడు.

పెద్దాయన నూనె చుక్కలు వేసి, పలక అమర్చి, నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. నాన్న సైకిల్ విప్పినా, ఫ్యాన్ విప్పినా పాత పేపరు పరిచి మరల్ని వచ్చిన వరసలోనే పేర్చేవారు. నేను అట్ట మీంచి మొదటి మర తీసి, అది ఎక్కడిదో బొమ్మలో చూసుకుని, ముందు వెనక్కి పావు చుట్టు తిప్పాను. మరచుట్టు కలిసినట్టు చిన్నగా టిక్కుమంది. అప్పుడు ముందుకి బిగించాను.