ట వత్తు కనబడాలి

“వయసెంతండీ?” అని అడిగి, జవాబు వినగానే ఒక కళ్ళజోడు తీసి చేతిలో పెట్టే దుకాణదారును చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నలభై అయిదైతే ప్లస్ ఒకటిన్నర, యాభై అయిదైతే ప్లస్ రెండున్నర, అంతే! నలభై దాటాక చత్వారం అందరికీ వచ్చేదే. కంట్లోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువుకు సర్దుకునే శక్తి తగ్గిపోతుంది. అయితే చదివే తీరు ఎవరిది వారిది. పడక్కుర్చీలో వాలి పుస్తకాన్ని పొట్ట మీద ఆనించుకునేవారికీ, సూదిలో దారం ఎక్కించేవారికీ ఒకే పవరు ఎలా సరిపోతుంది?

లెక్క చిన్నదే. దూరపు చూపు బాగుండి, సర్దుకునే శక్తి బొత్తిగా మిగలని కంటికి ప్లస్ రెండున్నర అద్దం 40 సెంటీమీటర్ల దగ్గర, ప్లస్ మూడు 33 సెంటీమీటర్ల దగ్గర అక్షరాన్ని తేటగా చూపిస్తుంది. పవరు పెరిగేకొద్దీ కాగితం మొహం మీదికి రావాలి. అక్షరం పెద్దగా కనబడిందని మోజుపడి ఎక్కువ పవరు కొన్నవారు సాయంత్రానికి మెడ పట్టేసిందంటారు. మీరు మామూలుగా పుస్తకం పట్టుకునే దూరంలో హాయిగా చదవనిచ్చే వాటిలో అన్నిటికన్నా తక్కువ పవరుది తీసుకోండి.

అలాగని బజారు కళ్ళజోడును ఈసడించుకునేవారితో నాకు పేచీ ఉంది. ఆ అద్దాలతో ఎన్ని కుట్టుమిషన్లు నడుస్తున్నాయో, ఎన్ని పూలదండలు కట్టబడుతున్నాయో వారికి తెలియదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరిచూపు అద్దాలిస్తే, లేనివారికన్నా వారి పని 20 శాతానికి పైగా పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అచ్చయింది. రెడీమేడ్ జోడులో రెండు కళ్ళకూ ఒకే పవరు ఉంటుంది, కంటి వంపులోని తేడాను సరిచేసే సిలిండర్ ఉండదు. రెండు కళ్ళ చూపూ ఒక్కలా లేనివారు, సిలిండర్ కావలసినవారు చీటీ రాయించుకోవలసిందే. గ్లాకోమా చాలామందిలో చప్పుడు చెయ్యకుండా వస్తుంది కనుక, నలభై దాటాక కళ్ళ డాక్టరుకు చూపించుకోవడం ఎవరికైనా తప్పదు.

ఇక నా అసలు గొడవ. దుకాణంలో చదవమని ఇచ్చే అట్ట ఇంగ్లీషులో ఉంటుంది. మనం చదవబోయేది తెలుగు! ‘ర’ కడుపులో చుక్క పెడితే ‘ఠ’. ‘ద’ కింద చిన్న గీత గీస్తే ‘ధ’, దానికి చుక్క కూడా తోడైతే ‘థ’. ‘రాష్ట్రం’ అన్న మాట చూడండి. ష కింద ట వత్తు, దాన్ని ఒరుసుకుంటూ ర వత్తు. అన్నిటికీ ఆ ఒక్క వరుసలోనే చోటు దొరకాలి కనుక వత్తు అసలు అక్షరంలో సగమై ఇరుక్కుంటుంది. అందుకే కొనడానికి వెళ్ళేటప్పుడు తెలుగు పేపరు మడిచి పట్టుకెళ్ళండి. టెండరు నోటీసుల పేజీ అయితే మరీ మంచిది. ఆ ట వత్తు విడిగా కనబడితేనే డబ్బులివ్వండి. ఎండలో నిలబడి మాత్రం చూడకండి. ఎండకు కంటిపాప చిన్నదై చాలని పవరు కూడా చాలినట్టే ఉంటుంది. దుకాణం లోపలికి వెళ్ళి, ఇంటి ట్యూబులైటు లాంటి వెలుతురులో చదవండి.

మా అమ్మమ్మ చత్వారం ముదిరాక కూడా చందమామ చదివేది. వరండా గుమ్మానికి ఆనుకుని, చేయి బారుగా చాచి, బేతాళుడు తిరిగి చెట్టెక్కేదాకా తల ఎత్తేది కాదు. ఆ అక్షరాలు నిండుగా ఉండేవి, వరుసకూ వరుసకూ మధ్య వత్తులకు గాలి ఆడేది. ఇప్పుడు ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న కథల సంపుటి తెరిస్తే, కింది వరుస గుడి దీర్ఘాలు పై వరుస వత్తుల్లో చిక్కుకుని ఉంటున్నాయి. పంచాంగంలో తిథి ఘడియల మాట చెప్పనే అక్కర్లేదు. కాగితం ఖరీదు పెరిగిందంటారు, నిజమే. కానీ తెలుగు పుస్తకం డబ్బు పెట్టి కొనేవాళ్ళలో చాలామందిమి చత్వారం వచ్చినవాళ్ళమే.

ప్రచురణకర్తలారా, అక్షరం ఒక పాయింటు పెంచండి, వరుసల మధ్య కాస్త ఎడం ఇవ్వండి. ఇరవై పేజీలు పెరిగితే పెరగనివ్వండి. ఆ డబ్బు మేమిస్తాం.