అమ్మకు ఎన్ని అక్షరాలు?

నాంపల్లిలో ఒక చిన్న గదిలో, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు సాయంత్రాలు పైథాన్ నేర్పే పూర్వ విద్యార్థి నాకొకడున్నాడు. ఆ భాషతో పాటు వచ్చే లైబ్రరీ వివరణలను తెలుగు చేసి, "సార్, భాష దిద్ది పెట్టండి" అంటూ కాగితాలు నా చేతిలో ఉంచాడు. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల భవనం కాదు. ఎప్పుడు కావలిస్తే అప్పుడు వాడుకొనేందుకు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల సముదాయం.

ముద్రారాక్షసాలు స్వల్పమే. చిక్కంతా ఒక వాక్యంలో ఉంది. 'లెన్' అనే ఫంక్షను పదంలోని అక్షరాల సంఖ్యను తెలుపుతుందని రాశాడు. 'అమ్మ' అని ఇస్తే యంత్రం 4 అంటుంది. రెండే కదా అని అడిగిన పిల్లవాడొకడు, చివరకు తనకే తెలుగు సరిగా రాదేమోనని ఊరుకున్నాడట. అక్షరాలు దిద్దించి బ్రతికినవాణ్ణి. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది.

యంత్రం లెక్క తప్పు కాదు. యూనికోడ్‌లో ఆ పదం అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలు. వ్యాకరణం ప్రకారం వర్ణాలూ నాలుగే: అ, మ్, మ్, అ. అయితే ఆ నాలుగూ ఈ నాలుగూ ఒకటి కావు. మనం హల్లుకు అచ్చును చేరుస్తాం. యూనికోడ్ అచ్చుతో కూడిన 'మ'ను తీసుకొని, పొల్లుతో ఆ అచ్చును తొలగిస్తుంది. ఛందస్సులోనైతే రెండే అక్షరాలు, ఒక గురువు, ఒక లఘువు. పిల్లవాడు చెప్పినదీ అదే. 'అక్షరం' అన్న ఒక్క మాట ఇన్ని లెక్కలను మోయలేదు.

మరొకచోట పొల్లుకు 'విరామం' అని ఉంది. యూనికోడ్ పట్టికలో దాని పేరు 'విరామ' కనుక అట్లే దించాడు. కాని విరామచిహ్నమనగానే తెలుగువానికి తోచేది కామా, ఫుల్‌స్టాపు. ఒకసారి ఇచ్చిన పేరును యూనికోడ్ మార్చదు. 2021లో చేరిన ఒక గుర్తుకు మాత్రం 'నకారపొల్లు' అనే పేరు పెట్టారు. మన మాటకు అక్కడ కొంత చోటు దొరికింది.

1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణానికి తర్వాతి కాలపు ముద్రణ ఒకటి, ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద కొన్నది, నా దగ్గర ఉంది. అది తెరిచి చూపాను. సూత్రం ఎంత క్లుప్తమైనా, వెంట వివరణ, ఉదాహరణ ఉంటేనే చదువరికి ఒంటబడుతుంది. ఆ పద్ధతిలోనే వాక్యాన్ని తిరగరాశాం:

"ఇది పదంలోని యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది, కంటికి కనిపించే అక్షరాలను కాదు. ఉదాహరణ: 'అమ్మ'కు 4 (అ, మ, పొల్లు, మ)."

పట్టికలోని పేర్లు మన చేతిలో లేవు. వివరణ మన చేతిలోనిదే. 'సంకేతం' కన్న పిల్లలకు సులువుగా అందే మాట మీకు స్ఫురిస్తే తెలుపగలరు; అతనికి అందజేస్తాను.