చెయ్యి కలిసిన బొమ్మ

పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజు సాయంత్రమే అడిగాడు మావాడు, "అమ్మా, 144 హెర్ట్జ్ మానిటర్ కొనిపెడతావా?" అని. పాసైతే సైకిల్ అడిగే రోజుల్లో పెరిగినదాన్ని. పెద్ద తెర కావాలంటున్నాడనుకుని "ఎన్ని అంగుళాలురా?" అన్నాను. "అంగుళాలు కాదమ్మా, వేగం" అన్నాడు. బొమ్మకి వేగమేమిటో నాకు బోధపడలేదు. బోధపడనిదానికి పదిహేను వేలు తీసివ్వడానికి మనసొప్పదు. అందుకే ఆ రాత్రి వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అంతకుముందు ఆ గదిలోకి అన్నానికి పిలవడానికే వెళ్ళేదాన్ని. ఆటలో మునిగిన వాడి మొహం చూశానే గాని, వాడు చూస్తున్నదేమిటో ఎప్పుడూ చూడలేదు. వాడు ఆడేది వాలరెంట్. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. గోడ మూల నుంచి ఎదుటివాడు తొంగిచూసిన క్షణంలోనే గురి కుదరాలి. గంటసేపు చూశాక నాకూ ఒకటి కనబడింది. వాడు గబుక్కున పక్కకి తిరిగినప్పుడల్లా గోడలూ మనుషులూ అలుక్కుపోతున్నారు. తిరగడం ఆగాకగాని తేటపడటం లేదు. "ఇదేనమ్మా నేను చెప్పేది" అన్నాడు. ఆ తెర మా ఆఫీసులో తీసేస్తే తెచ్చుకున్న పాతది, సెకనుకి 60 బొమ్మలు చూపిస్తుంది. అంటే ఒక్కో బొమ్మ దాదాపు 17 మిల్లీసెకన్లు తెరమీద నిలబడి ఉంటుంది. 144 అయితే ఏడు మిల్లీసెకన్లకే మారిపోతుంది.

"సినిమా సెకనుకి 24 బొమ్మలతోనే నడుస్తుంది కదా, 60 చాలదా?" అన్నారు మావారు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది: సినిమాని మనం కూర్చుని చూస్తాం. కెమెరా ఎటు తిరగాలో దర్శకుడు నిర్ణయిస్తాడు, మన చెయ్యి అందులో లేదు. ఆటలో తిప్పేది మనమే. చెయ్యి కదిలిన మరుక్షణం కన్ను ఆ కదలికని వెతుకుతుంది, అది ఆలస్యమైతే వెంటనే పట్టేస్తుంది. చూడ్డానికి 24 చాలు, చెయ్యి కలిస్తే చాలదు.

ఆ ఆదివారం ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్ళాం. షాపతను మంచివాడు. రెండు తెరలు పక్కపక్కన పెట్టి, మౌస్ నా చేతికిచ్చి "గుండ్రంగా తిప్పండి మేడమ్" అన్నాడు. 60 తెరమీద బాణం గుర్తు తిరుగుతుంటే మధ్యమధ్యలో దూకుతోంది, వెనకాల ఎడమెడంగా నీడలు మిగులుతున్నాయి. 144 తెరమీద అదే బాణం, అదే చెయ్యి. నీడలు దగ్గరదగ్గరగా చేరి, దారం సాగినట్టు వెళ్ళింది. అట్టపెట్టెల మీద రాసిన అంకెలు ఎన్ని చదివినా తెలియనిది ఆ ఒక్క సున్నాతో తెలిసింది. కొనేవాళ్ళెవరైనా ఇలా చేతిలోకి తీసుకుని చూడాలి. రంగు మారడానికి తెరకి పట్టే సమయం (రెస్పాన్స్ టైమ్) పెట్టెలన్నిటిమీదా 1 మిల్లీసెకను అనే రాసి ఉంది గాని, ఎవరికి వారు తమకు అనువైన పద్ధతిలో కొలుచుకున్న లెక్క అది.

ఇక సైజు. 27 అంగుళాలది చూసి నా కన్ను దానిమీదే నిలిచింది. ఖరీదులో పెద్ద తేడా కూడా లేదు. దానిమీద ఒక తెలుగు పత్రిక పేజీ తెరవమన్నాను. "రాష్ట్రం" అన్న మాట దగ్గర ఆగి చూస్తే, కింది వత్తులు రెండూ ఒకదాన్నొకటి అంటుకుని మసగ్గా ఉన్నాయి. 24 అంగుళాలదాని మీద అవే వత్తులు విడివిడిగా కుదురుగా ఉన్నాయి. ముగ్గులు పెట్టే చేతికి ఇది వెంటనే అర్థమవుతుంది. వాకిలి పెద్దదైతే చుక్కలు పెంచాలి. చుక్కలు అవే ఉంచి ఎడం పెంచితే ముగ్గు వెలవెలబోతుంది. తెరకీ అంతే. ఆ రెండు తెరల్లోనూ చుక్కలు, అంటే పిక్సెల్స్, అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. చిన్నదాంట్లో అంగుళానికి 92 పడితే పెద్దదాంట్లో 82 పడతాయి.

27 అంగుళాల్లోనే చుక్కలు ఎక్కువున్న రకమూ ఉంది, 2560 అడ్డం, 1440 నిలువు. సుమారు 37 లక్షల చుక్కలు. కొందామనే అన్నాను. వాడే వద్దన్నాడు. "అన్ని చుక్కలు సెకనుకి 144 సార్లు గీయాలంటే మన గ్రాఫిక్స్ కార్డు మొయ్యలేదమ్మా." మా తమ్ముడు బిగించి ఇచ్చిన కంప్యూటర్ అది, కార్డు మామూలుదే. గీసే చేతిని చూసుకుని వాకిలి ఎంచుకోవాలని పదిహేనేళ్ళవాడికి తెలిసినందుకు నాకు నిజంగా సంతోషమేసింది.

ఆ కార్డైనా ఒకే వేగంతో గీయదు. సెకనుకి ఒకప్పుడు 90 బొమ్మలు, ఒకప్పుడు 130. తెర తన లెక్కన తాను మారుతుంటే, సగంలో కొత్త బొమ్మ వచ్చిపడి పైభాగం ఒకచోట, కిందిభాగం ఒకచోట విరిగి కనబడుతుంది. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలికోసం ఇంకొకరు ఆగుతారే, అలా కార్డు కోసం తెర ఆగే ఏర్పాటు 2013లో ఎన్విడియా జీసింక్ పేరుతోనూ, 2015లో ఏఎండీ ఫ్రీసింక్ పేరుతోనూ తెచ్చాయి. ఇది ఉన్నదే తీసుకున్నాం.

ఇక తెర రకం. వీఏ అనే రకం తెర నలుపు చూస్తే ముచ్చటేసింది, అమావాస్య చీకటంత చిక్కగా ఉంది. కాని చీకటి గదిలో మనిషి కదిలితే వెనక కాటుక చెరిగినట్టు మరక సాగుతోంది. సినిమాలకైతే అదే తీసుకునేదాన్ని. కదలికే ముఖ్యం గనుక ఐపీఎస్ అనే రకానికి వచ్చాం.

నేను పట్టుబట్టింది మాత్రం స్టాండు దగ్గర. ఎత్తు మార్చుకునే వీలున్నదే కావాలన్నాను, దానికోసం రంగు దీపాల మోడల్‌ని వదిలేశాం. వాడికి కళ్ళజోడుంది. పాత తెర కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టినా మెడ వంచే కూర్చునేవాడు. ఇప్పుడు తెర పైఅంచు వాడి కంటి ఎత్తున ఉంది, చెయ్యి చాపినంత దూరంలో ఉంది. కొత్తలో, కొట్లో తెరకి పెట్టిన వెలుతురే ఇంట్లోనూ పెట్టుకున్నాడు. రాత్రి గదిలోకి వెళ్తే నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి. వెనక ఒక దీపం వేసి, వెలుతురు బాగా తగ్గించాం. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరానున్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కళ్ళ డాక్టరు చెప్పింది వాడికి గుర్తుండదు. అందుకే కిటికీలోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు కనబడేలా బల్లనే జరిపాను.

సంక్రాంతికి గుంటూరు వెళ్ళాం. మా మేనకోడలికీ ఆటల పిచ్చి. రెండేళ్ళ కిందట అన్నయ్య దానికి 144 మానిటరే కొనిచ్చాడు. మావాడు దాని ముందు కూర్చుని మౌస్ కదిపీకదపగానే "వదినా, ఇది 60లో నడుస్తోంది" అన్నాడు. తెర ఎంత వేగంగలదైనా విండోస్ ఒక్కోసారి 60 దగ్గరే ఉంచేస్తుందట, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మనమే మార్చాలట. డిస్‌ప్లే అన్నచోట అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి 144 పెట్టి, లేచి కుర్చీ దానికిచ్చాడు. "గుండ్రంగా తిప్పు" అన్నాడు.

తిప్పింది. ఆగి, మళ్ళీ తిప్పింది. ఏమీ మాట్లాడలేదు. చుక్కలు పెట్టడానికి రమ్మని వాకిట్లోంచి మా అమ్మ రెండుసార్లు పిలిచింది. అది ఇంకా మౌస్ తిప్పుతూనే ఉంది.