ఆరుగురి ఆట

రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని సినిమా చూద్దామంటే మీ ఇంట్లోనూ ఇదే తంతా అండీ? పెద్దావిడ 'మాయాబజార్' పెట్టమంటుంది. పిల్లాడికి డబ్బింగు సినిమా కావాలి. కోడలు కాసేపు నవ్వుకునేదేదైనా చాలంటుంది. ట్రైలర్ మీద ట్రైలర్ చూసి చూసి, చివరికి ఎవరూ అడగని సినిమా ఒకటి ఖాయమవుతుంది.

ఇక శబ్దం సంగతి. మాటలు వినపడవని పెంచితే, ఫైటు రాగానే పక్కింటి వాళ్లు లేస్తారు. దీనికి కారణం ఉంది. సినిమా హాల్లో మాటల కోసం తెర మధ్యన వేరే స్పీకరు ఉంటుంది. మన పల్చటి టీవీలకేమో అడుగునో వెనకనో రెండు చిన్న స్పీకర్లు, అన్ని శబ్దాలూ వాటిలోంచే రావాలి. సౌండు సెట్టింగుల్లో 5.1 సరౌండ్ తీసి స్టీరియో పెట్టి చూడండి, చాలాసార్లు కాస్త నయమవుతుంది. బొమ్మను మరీ నున్నగా చేసే మోషన్ ఆప్షను కూడా ఆపేయండి. సినిమాని సాధారణంగా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీస్తారు, దాన్నలా ఉండనిస్తేనే అందం.

ఇవన్నీ సరిచేసుకున్నా నాకు వెలితి తీరదు. పప్పు నానబెట్టలేదని ఒకరు లేస్తే సినిమా ఆపుతాం, ఫోనొస్తే ఆపుతాం, మళ్లీ పెట్టేసరికి కథ చల్లారిపోతుంది. సోఫాలో ఒకరు నిద్రపోతారు, ఇంకొకరు ఫోనులో తల దూరుస్తారు. ఎవరు పట్టించుకోకపోయినా సినిమా దాని పాటికది నడుస్తుంది. అదే నన్ను బాధపెట్టేది.

వాలీబాల్లో ఆ వీల్లేదు. అందుకే నాకా ఆటంటే ప్రాణం.

1895లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్లో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు దీన్ని మొదలుపెట్టాడు. బాస్కెట్‌బాల్ దూకుడు తట్టుకోలేని నడివయసు వ్యాపారస్తులకు ఆయాసం లేని ఆట కావాలన్నది ఆయన ఆలోచన. అంటే నలభై దాటినవాళ్లం వెనకాడక్కర్లేదు, పుట్టిందే మనకోసం!

దీని నియమాలు చూడండి. నెట్టు దగ్గర బంతిని అడ్డుకునే బ్లాకు సంగతి వదిలేస్తే, ఒకే మనిషి వరసగా రెండుసార్లు బంతి తాకకూడదు. ఎంత మొనగాడైనా పక్కవాడికి ఇవ్వాల్సిందే. సర్వీసు మన చేతికి తిరిగొచ్చినప్పుడల్లా జట్టులోని ఆరుగురూ ఒక స్థానం జరగాలి. పొట్టివాడూ నెట్టు ముందుకొస్తాడు, పొడుగువాడూ వెనక్కెళ్లి బంతి ఎత్తాలి.

మా కోర్టుకు రిటైరైన మాస్టారు ఒకాయన వస్తారు. ఎగిరి షాటు కొట్టే వయసు కాదు. కానీ షాటు కోసం బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టు ఆయనదే. బంతి నుదుటి మీదకు వచ్చేదాకా ఆగుతారు, మోకాళ్లు కొద్దిగా వంగుతాయి, పది వేళ్లూ విచ్చుకుంటాయి, చప్పుడు లేకుండా బంతి నెట్టు మీద నిలబడుతుంది. ఇంటర్ కుర్రాడు దాన్ని అవతల నేలకు కొట్టి, వెనక్కి తిరిగి "సూపర్ మాస్టారూ!" అని అరుస్తాడు. షాటుకి చప్పట్లొస్తాయి గానీ, నా లెక్కలో ఆ పాయింటు మాస్టారిదే. ఆయన రాని రోజు ఆట కుంటుతుంది, అందరికీ తెలుస్తుంది. మనం రాకపోతే లోటు తెలిసే చోటు ఒకటుండాలి కదండీ మనిషికి.

మీ వీధిలో ఖాళీ జాగా ఉందా? పొడవు 18 మీటర్లు, వెడల్పు 9, మగవాళ్లకు నెట్టు ఎత్తు 2.43, ఆడవాళ్లకు 2.24. అంత జాగా లేకపోతే ఉన్నంతలోనే సున్నం గీత గీయండి. ఆరుగురు దొరక్కపోతే నలుగురేసి ఆడండి. ఆడపిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టకుండా జట్టులోకి పిలవండి. ఇవాళే ఫోన్లు చేసి, రేపు సాయంత్రానికి నెట్టు కట్టేయండి.