బావగారి పళ్ళెంలో పిజ్జా

పిజ్జా పేరు చెబితే మనలో సగం మంది మొహం చిట్లిస్తాం. మైదా రొట్టె మీద సాగే చీజు వేసి అంత డబ్బు గుంజుతారా అని. నాకూ దాని మీద పెద్ద మోజు లేదు. కానీ పోయిన వేసవి సెలవుల్లో ఆ పిజ్జా గురించి నేను బుర్ర బద్దలు కొట్టుకోవలసి వచ్చింది. కారణం మా బావగారు.

వాళ్ళది కవిటి దగ్గర పల్లె. ఉద్దానం అంటే చూసినవాళ్ళకి కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లే గుర్తొస్తాయి. ఆ పచ్చదనంలోనే ఇంటికొకరన్నట్టు కిడ్నీ జబ్బు కూడా ఉంది. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మా బావగారికి ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. రాకుండా చూసుకోవాలంటే మందులతో పాటు నోరు కట్టుకోవాలని డాక్టరు గారు చెప్పారు. ఉప్పు బాగా తగ్గించాలి. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు వద్దు. టమాటా, కొబ్బరినీళ్ళు, జీడిపప్పుల్లో పొటాషియం ఎక్కువ కాబట్టి వాటి జోలికీ పోవద్దు. "కొబ్బరి చెట్టు కింద పుట్టినోణ్ణి, కొబ్బరినీళ్ళు తాగొద్దంటే ఏటి సేసేదమ్మా?" అని ఆయన నవ్వుతూనే అంటారు. వినే మనకే నవ్వు రాదు.

సెలవులకి ఆయన మనవలు విశాఖ నుంచి టెక్కలి మా ఇంటికి దిగారు. ఆయనా మా తోటికోడలూ కూడా వచ్చారు. పిల్లలకి పిజ్జా కావాలి. కొనితెచ్చిన పిజ్జాలో చీజు నిండా ఉప్పూ ఫాస్ఫరసూ, సాసు నిండా టమాటా. ఆయనకి పనికిరానివన్నీ ఒక్కచోట చేరిన వంటకం అది. అందరూ నవ్వుకుంటూ తింటుంటే ఆయనొక్కరూ చప్పిడి కూర కలుపుకుంటూ కూర్చుంటే ఏ ఇల్లాలికి ముద్ద దిగుతుంది చెప్పండి?

అమెరికాలో ఫ్రీమాంటులో ఉండే మా మేనకోడలితో ఫోనులో ఈ మాటే అన్నాను. అది పకపకా నవ్వి, "అత్తా, పిజ్జా అంటే చీజూ టమాటా అని ఎవరన్నారు? ఇక్కడ మనవాళ్ళు కూర పిజ్జా తింటున్నారు" అంది. పాలకూర, కాలీఫ్లవరు, అల్లం, కొత్తిమీర వేసి కాలుస్తారట. ఆ తర్వాత రోజుకో కబురు చెప్పేది. నాకూ ఆసక్తి పుట్టింది.

పుట్టిల్లు ఇటలీలోని నేపుల్స్. అక్కడ బాగా కాగిన కట్టెల పొయ్యిలో నిమిషమో నిమిషంన్నరో కాలిస్తే చాలట. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ కూడా మరీనారా అనే పాత రకానికి చీజే ఉండదు. టమాటా, వెల్లుల్లి, నూనె, ఓరెగానో అనే ఎండుటాకు, అంతే. పొలిమేర దాటాక ఎవరిష్టం వాళ్ళది. చికాగోలో 1943 నుంచి లోతు గిన్నెలో మందంగా కాలుస్తున్నారు. అనాసపండు ముక్కల పిజ్జాకి హవాయి పేరు పెట్టారు గానీ, అది 1962లో కెనడాలో ఒక గ్రీకు ఆయన చేతిలో పుట్టింది. స్వీడన్‌లో అరటిపండు వేసి పైన కూరపొడి చల్లుతారు. బ్రెజిల్‌లో పచ్చి బఠాణీలు, జపాన్‌లో మొక్కజొన్న గింజలు, మయొన్నేజు. మన దేశంలో పనీరు టిక్కా సరేసరి. ఎవరి పెరట్లో ఏముంటే అదే రొట్టె మీదికి ఎక్కుతుందన్నమాట. (అరటిపండు సంగతి విని మా వారు మాత్రం చెవులు మూసుకున్నారు.)

నాకు కావలసింది అర్జెంటీనాలో దొరికింది. ఇటలీలోని జెనోవా నుంచి బ్యూనస్ ఐరిస్ వలస వెళ్ళినవాళ్ళు చేసుకున్న రొట్టె, పేరు ఫుగాజా. మెత్తటి మందపాటి రొట్టె, పైన గుట్టగా ఉల్లిపాయలు, నూనె, ఓరెగానో. టమాటా లేదు, చీజు లేదు! ఉల్లిపాయ మా బావగారి పట్టికలో "తినవచ్చు" అన్న వరసలోనే ఉంది. అయినా డాక్టరు గారిని అడిగి, ఉప్పు వేయకుండా, ఎప్పుడైనా ఒకటి తింటే పరవాలేదు అనిపించుకున్నాకే పిండి కలిపాను.

చేసిన పద్ధతి చెబుతాను. రెండు గ్లాసుల మైదాకి ఒక చెంచా ఈస్టు, అర చెంచా పంచదార, రెండు చెంచాల నూనె, తగినన్ని గోరువెచ్చటి నీళ్ళు పోసి మెత్తగా కలపాలి. ఈ పిండిలో ఉప్పు ఉండదు కాబట్టి గబగబా పొంగుతుంది, ముప్పావుగంటకే చూసుకోవాలి. మరీ పొంగితే జారిపోతుంది. ఈస్టు లేదని వంటసోడా వేయకండి, అందులోనూ సోడియమే. ఇంకో మాట, సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో బదులుగా పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అది అసలు ఉప్పుకన్నా ప్రమాదం కావచ్చు.

నాలుగు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో సన్నసెగ మీద మెత్తబడేదాకా వేయించాలి. ఓరెగానో మన ఊళ్ళో ఎక్కడ వెతకను? వాము నలిపి వేశాను. రెంటి ఘాటూ దగ్గర దగ్గరే. రెండు పచ్చిమిరపకాయలు, దింపాక నాలుగు చుక్కల నిమ్మరసం. ఉప్పు లేదన్న సంగతిని పులుపూ కారమూ చాలావరకు మరిపిస్తాయి.

ఓవెన్ లేదని దిగులొద్దు. మా అత్తగారు కుంపటి మీద మూకుడు పెట్టి, మూత మీద నిప్పులు పోసి మినపరొట్టె కాల్చేవారు. ఓవెన్ చేసే పనీ అదే, పైనా కిందా సెగ. గ్యాసు పొయ్యి మీద నేనేం చేశానంటే, పిండి నాలుగు భాగాలు చేసి అరచేత్తో అద్ది, మందపాటి పెనం మీద ఒకవైపు కాల్చి తిరగేశాను. కాలిన వైపు ఉల్లిపాయలు పరిచి, మూతపెట్టి సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచాను. పిల్లల వాటికి మాత్రం చీజు తురుము, పలాస జీడిపప్పు పలుకులు.

బావగారు మొదటి ముక్క నమిలి కాసేపు మాట్లాడలేదు. నా గుండె దడదడ. "ఏటమ్మా, మీ అత్త కాల్సిన రొట్టె వాసనొస్తంది" అన్నారు. ఆఖరి మనవడు వాడి ముక్క వదిలేసి తాత పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఆయన ముక్క తుంచి వాడి నోట్లో పెట్టారు.

మొన్న మా తోటికోడలు ఫోన్ చేసింది. వాళ్ళ ఊళ్ళో కొట్లలో ఈస్టు దొరకలేదట, రెండు పొట్లాలు పంపమంది. కవిటి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపాను, ఓ చిన్న పొట్లం వాము కూడా కట్టి.